చట్టం లెక్కలో అమ్మకి యాభై సెంట్లు, పిన్నికి రెండున్నర ఎకరాలు: 1950 నాటి సమానత్వం మా ఇంటికి ఎందుకింత ఆలస్యంగా వచ్చింది?

హారిక_కె

అందరికీ నమస్కారం. ఇక్కడ చాలాకాలంగా చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదటిసారి. విషయం మా ఇంటిదే అయినా ప్రశ్న మా ఇంటితో ఆగేది కాదు, అందుకే అడుగుతున్నాను.

మా తాతయ్యకి పిత్రార్జితంగా వచ్చిన ఎనిమిది ఎకరాల మాగాణి ఉంది. నలుగురు పిల్లలు. అమ్మ పెద్దది, తర్వాత ఇద్దరు మామయ్యలు, చివర పిన్ని. అమ్మ పెళ్ళి 1981లో, పిన్ని పెళ్ళి 1987లో జరిగాయి. అమ్మమ్మ 1994లో పోయింది, తాతయ్య 1998లో. వీలునామా రాయలేదు.

పోయిన నెల పెద్దమామయ్య ఫోన్ చేసి "అక్కా, చిన్న సంతకం ఉంది, ఒకసారి వచ్చి వెళ్ళు" అన్నాడు. నేనూ వెంట వెళ్ళాను. రిజిస్ట్రార్ ఆఫీసు వరండాలో దస్తావేజు లేఖరి కాగితం గబగబా చదివేస్తున్నాడు. హక్కు విడుదల దస్తావేజు. అందులో "నాకు రావలసినది పసుపు కుంకుమల కింద పూర్తిగా ముట్టినది గనుక" అన్న చోట అమ్మ ఆపమంది. "ఏం ముట్టింది రా నాకు?" అని తమ్ముణ్ణి అడిగింది. గట్టిగా కూడా కాదు. మామయ్య నేలకేసి చూశాడు. లోపల వేలిముద్రల యంత్రం దగ్గర మా పేరు పిలుస్తున్నారు. అమ్మ కొంగుతో చేతులు తుడుచుకుని బయటికి వచ్చేసింది.

తర్వాత వకీలుని కలిశాం. 1985 నాటి చట్టం ప్రకారం లెక్కేస్తే పిన్నికి రెండున్నర ఎకరాలు, అమ్మకి యాభై సెంట్లు అన్నారు. ఇప్పటి చట్టం ప్రకారమైతే నలుగురికీ రెండేసి ఎకరాలట. ఇప్పటిదాకా వాళ్ళిద్దరి చేతికీ ఒక్క సెంటు రాలేదన్నది వేరే సంగతి.

ఒకే తండ్రి కడుపున పుట్టిన అక్కాచెల్లెళ్ళు. ఆడా మగా తేడా చూపకూడదని రాజ్యాంగం 15వ అధికరణం 1950 నుంచీ చెబుతోంది. మరి పెళ్ళి తేదీని బట్టి అమ్మకో లెక్క, పిన్నికో లెక్క ఎలా వచ్చింది? అంత పెద్ద మాట రాజ్యాంగంలో ఉండగా ఇన్నేళ్ళు అడ్డుపడింది ఏమిటి?

భార్గవి_అడ్వకేట్

హారిక గారూ, ముందు లెక్క చెబుతాను, మిగతా వాళ్ళకీ అర్థమవుతుంది.

1956 హిందూ వారసత్వ చట్టం కూతురికి తండ్రి ఆస్తిలో వాటా ఇచ్చింది నిజమే. కానీ ఉమ్మడి కుటుంబంలో కొడుకుకి పుట్టుకతోనే వచ్చే హక్కుని, అంటే కోపార్సనరీని, 6వ సెక్షన్‌లో అలాగే ఉంచేసింది. తండ్రీ కొడుకులు ముందు పంచుకోవాలి, ఆ పంపకంలో తండ్రికి వచ్చిన ముక్కలోనే కూతురికి భాగం.

1985లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం ఉన్నప్పుడు ఆంధ్రప్రదేశ్ దీన్ని సవరించింది. చట్టం 1986లో వచ్చినా 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తిస్తుంది. కూతురు కూడా కొడుకులాగే పుట్టుకతో హక్కుదారు అంది. అయితే ఆ తేదీకి ముందే పెళ్ళైపోయిన కూతుళ్ళకి వర్తించదని ఒక షరతు పెట్టింది. మీ అమ్మగారు ఆ గీతకి అవతల పడ్డారు, పిన్నిగారు ఇవతల.

కాబట్టి తాతయ్య, ఇద్దరు మామయ్యలు, పిన్ని, నలుగురికి రెండేసి ఎకరాలు. తాతయ్య పోయాక ఆయన రెండు ఎకరాలు నలుగురు పిల్లలకి యాభై సెంట్ల చొప్పున. అమ్మగారికి అది తప్ప ఇంకేం లేదు.

2005 సెప్టెంబరు 9న కేంద్ర సవరణ వచ్చి ఆ పెళ్ళి షరతు తీసేసింది. ఇప్పుడు తాతయ్యతో కలిపి ఐదుగురు, తలా ఎకరం అరవై సెంట్లు. తాతయ్య భాగం నలుగురికీ నలభై సెంట్లు. మొత్తం తలా రెండు ఎకరాలు. అయినా అక్కడితో అయిపోలేదు. 2015లో ప్రకాశ్ వర్సెస్ ఫూలవతి కేసులో సుప్రీంకోర్టు, 2005 సెప్టెంబరు 9 నాటికి తండ్రి బతికి ఉంటేనే కూతురికి ఈ హక్కు అంది. మీ తాతయ్య 1998లో పోయారు గనుక అమ్మగారు మళ్ళీ బయటే. 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో ముగ్గురు జడ్జీల ధర్మాసనం ఆ మాట తప్పని తేల్చింది. హక్కు పుట్టుకతో వచ్చేదైనప్పుడు తండ్రి ఎప్పుడు పోయాడన్నది అడగక్కర్లేదు అంది.

నా మట్టుకు నాకు ఆ ఐదేళ్ళే ఎక్కువ బాధ కలిగిస్తాయి. ఆ మధ్యకాలంలో "మీ నాన్నగారు ముందే పోయారమ్మా" అని నేనే ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళని ఆఫీసు నుంచి వెనక్కి పంపాను. అప్పటి చట్టం అదే. వాళ్ళు మళ్ళీ రాలేదు.

శేషు_పాఠాలు

లా కాలేజీలో రాజ్యాంగ చట్టం చెబుతాను. హారిక గారి అసలు ప్రశ్న, 15వ అధికరణం ఉండగా ఇదంతా ఎలా నిలబడింది అని కదా. దానికి జవాబు రాజ్యాంగంలోనే మరోచోట ఉంది.

1950లో మనం కొత్త ఇల్లు కట్టుకున్నాం గానీ సామాను పాతదే. 372వ అధికరణం పాత చట్టాలన్నీ కొనసాగుతాయంది. 13వ అధికరణం, ఆ పాత చట్టాల్లో ప్రాథమిక హక్కులకి విరుద్ధమైనంత మేరకు చెల్లవంది. ఈ రెండో మాట పూర్తి బలంతో అమలై ఉంటే కొడుకుకి మాత్రమే పుట్టుక హక్కు అన్న సూత్రం అప్పుడే కోర్టు ముందు నిలబడాల్సి వచ్చేది.

కానీ 1951లో బొంబాయి హైకోర్టు నరసు అప్పా మాలి కేసులో ఒక మాట అంది. వ్యక్తిగత చట్టాలు, అంటే మతాన్ని బట్టి నడిచే పెళ్ళి, వారసత్వ నియమాలు, 13వ అధికరణంలో చెప్పిన "అమల్లో ఉన్న చట్టాలు" కిందికి రావు అని. ఆ కేసుకి వారసత్వంతో సంబంధమే లేదు. హిందూ మగవాడు రెండో పెళ్ళి చేసుకోకూడదన్న బొంబాయి చట్టం చెల్లుతుందా లేదా అన్నది విషయం. చట్టం చెల్లుతుందనే తీర్పు వచ్చింది. దారిలో అన్న ఆ ఒక్క మాట మాత్రం దశాబ్దాలపాటు గోడలా నిలబడింది. అసెంబ్లీ చేసిన చట్టాన్నైతే సమానత్వం ముందు నిలబెట్టి ప్రశ్నించవచ్చు, శాస్త్రం నుంచో ఆచారం నుంచో వచ్చిన నియమాన్ని మాత్రం ముట్టుకోలేమన్నమాట.

అంటే సమానత్వం ఇంటి గడప దాకా వచ్చి ఆగిపోయింది. ఆడవాళ్ళ జీవితంలో ఎక్కువ భాగం నిర్ణయమయ్యేది ఆ గడప లోపలే.

సుబ్బారావు_జి

అమ్మా హారికా, నేను మీ మామయ్య వయసువాణ్ణి. ఇద్దరు చెల్లెళ్ళకి అన్నని. రెండో వైపు కూడా ఎవరో ఒకరు చెప్పాలి కదా అని రాస్తున్నాను, తప్పుగా అనుకోవద్దు.

చెల్లెళ్ళ పెళ్ళిళ్ళకి కట్నాలు ఇచ్చాం. పెద్దదాని పెళ్ళికి మూడెకరాలు తాకట్టు పెడితే విడిపించడానికి నాకు తొమ్మిదేళ్ళు పట్టింది. నాన్న పక్షవాతంతో నాలుగేళ్ళు మంచంలో ఉంటే ఎత్తి స్నానం చేయించింది నేనూ నా భార్యా. భూమి బీడు పడకుండా చూసింది మేం. ఇప్పుడు చట్టం వచ్చి సమానంగా పంచమంటోంది. బరువు మోసేటప్పుడు సమానం లేదు, పంచుకునేటప్పుడు ఉంది. అన్నదమ్ములందరూ దుర్మార్గులన్నట్టు మాట్లాడుకుంటారు. అది బాధ.

నిర్మల_టీచర్

సుబ్బారావు గారూ, మీ కష్టం కాదనే హక్కు ఎవరికీ లేదు. మీ భార్య గారి కష్టం అంతకన్నా కాదనలేం. ఒక్కటి ఆలోచించండి. ఆ నాలుగేళ్ళు మామగారికి సేవ చేసిన ఆవిడకి మీ నాన్నగారి భూమిలో ఏ వాటా లేదు. ఆవిడ పుట్టింట్లో? అక్కడ కూడా ఒక అన్నయ్య "మేమే కదా చూసుకుంది" అనే ఉంటాడు.

కట్నం మాట. ఆ డబ్బు మీ చెల్లెలి పేరున బ్యాంకులో పడిందా, వియ్యంకుడి చేతిలో పడిందా? 1961 కట్న నిషేధ చట్టంలో 6వ సెక్షన్ చూడండి. కట్నం ఎవరి చేతికి వచ్చినా మూడు నెలల్లో ఆ పెళ్ళికూతురికే బదలాయించాలని ఉంది. ముప్ఫై ఆరేళ్ళు బడిలో పనిచేశాను, అలా బదలాయించిన ఇల్లు ఒక్కటీ నేను చూడలేదు. పుట్టింట్లో "ఇచ్చేశాం" అన్నదీ, అత్తింట్లో "మాకొచ్చింది" అన్నదీ ఒకే డబ్బు. మధ్యలో ఆ పిల్ల చేతికి ఏమీ రాలేదు.

భార్గవి_అడ్వకేట్

టీచర్ గారి మాటకి ఒక చిన్న చేర్పు. బరువు మోసేటప్పుడు సమానం లేదన్నారు కదా సుబ్బారావు గారు. చట్టం వరకు అది సరికాదండీ. తల్లిదండ్రుల పోషణ గురించి 1973 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షన్‌లో ఉండేది, 2024 జులై నుంచి దాని స్థానంలో వచ్చిన కొత్త కోడ్‌లోనూ ఉంది. పెళ్ళైన కూతురు కూడా తండ్రిని పోషించే బాధ్యత కలదే అని సుప్రీంకోర్టు 1987లోనే చెప్పింది. 2007 నాటి వృద్ధుల పోషణ చట్టం కూడా కొడుకునీ కూతుర్నీ ఒకే మాటలో చేర్చింది.

అంటే దేశం మొత్తం మీద చూస్తే కూతురికి బాధ్యత 1987కే ఖాయమైంది, పిత్రార్జితంలో సమాన హక్కు రావడానికి 2005 దాకా పట్టింది. హక్కుతో పాటు అప్పులు కూడా సమానమేనని 2005 సవరణలోనే రాసి ఉంది. మీరు తాకట్టు విడిపించిన అప్పు కుటుంబం కోసం చేసినదైతే లెక్కలోకి తీసుకోమని అడగవచ్చు. కోర్టులు వింటాయి.

సుబ్బారావు_జి

1987 సంగతి నాకు తెలియదమ్మా. అప్పు లెక్కలోకి వస్తుందన్న సంగతీ తెలియదు. మాకెవరూ చెప్పలేదు. తండ్రికి చేసిన సేవకి వెల కట్టమని నేను అడగడం లేదు. ఆ సేవ ఎవరూ గుర్తించకపోవడమే నా బాధ. అది ఇప్పటికీ ఉంది.

లక్ష్మణ్_చరిత్ర

శేషు గారు కోర్టు గోడ గురించి రాశారు. చట్టసభ గోడ గురించి నేను రాస్తాను, ఎందుకంటే మొదట ఆగింది అక్కడే.

1941లో బి.ఎన్.రావు కమిటీ వేశారు. ఆ కమిటీ ముసాయిదాలోనే కొడుక్కి పుట్టుకతో వచ్చే హక్కు అన్నదాన్నే తీసేద్దామని ఉంది. స్వాతంత్ర్యం వచ్చాక అంబేడ్కర్ న్యాయశాఖ మంత్రిగా హిందూ కోడ్ బిల్లుని భుజాన వేసుకున్నారు. మన రాజమండ్రి ఆడపడుచు దుర్గాబాయి సభలో ఆ బిల్లుని సమర్థించారు. రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ సహా చాలామంది పెద్దలు వ్యతిరేకించారు. బిల్లు నడవలేదు. 1951 సెప్టెంబరులో అంబేడ్కర్ రాజీనామా చేశారు, ముఖ్య కారణాల్లో ఇదొకటి.

తర్వాత 1955, 56లలో ఆ బిల్లునే నాలుగు చట్టాలుగా విడగొట్టి తెచ్చారు. పెళ్ళి, దత్తత, మైనర్ల సంరక్షణ చాలావరకు గట్టెక్కాయి. వారసత్వంలో మాత్రం కోపార్సనరీ నిలిచిపోయింది. భూమి ఉన్నది అక్కడే కదా. అదే 1956 చట్టంలో ఇంకో రెండు చిన్న సెక్షన్లు చూడండి. 23వ సెక్షన్ ప్రకారం, కుటుంబం నివసించే ఇంట్లో కూతురికి వాటా ఉన్నా మగ వారసులు పంచుకుందామనుకునే దాకా ఆమె పంపకం అడగకూడదు. 4(2) ప్రకారం కౌలు, కమతాలు, భూపరిమితి చట్టాల జోలికి ఈ చట్టం రాదు. ఈ రెండూ 2005 దాకా ఉన్నాయి. హక్కుని ముందు వాకిట్లోంచి లోపలికి పిలిచి వెనక గదికి తాళం వేయడం లాంటిది ఇది.

భూసంస్కరణల్లోనూ ఇదే సంగతి. ఉత్తరప్రదేశ్ భూపరిమితి చట్టం వయసొచ్చిన కొడుకుని బట్టి కుటుంబానికి అదనపు భూమి ఉంచుకోనిచ్చింది, వయసొచ్చిన కూతురిని లెక్కలోకే తీసుకోలేదు. అది వివక్షే కదా అని అడిగితే, 31ఎ అధికరణం రక్షణ ఉంది గనుక సమానత్వం పేరుతో ఆ చట్టాన్ని కొట్టలేమని 1980లో సుప్రీంకోర్టు అంది. జమీందారు గుప్పిట్లోంచి భూమి విడిపించడానికి కట్టిన కోటే అది. మంచి పని కోసం కట్టిన ఆ కోట లోపల కూతురు మళ్ళీ కనబడకుండా పోయింది. దీని గురించి నేను ఏళ్ళుగా ఆలోచిస్తున్నాను, ఇప్పటికీ తేలిగ్గా సమాధానం దొరకదు.

కొట్టాయం_నుంచి_తెలుగోడు

హిందువులదే కాదండీ. నేను పనిచేసే చోట అందరూ మేరీ రాయ్ కేసు గురించి చెబుతారు. 1916 నాటి తిరువాన్కూరు క్రైస్తవ వారసత్వ చట్టంలో కూతురికి కొడుకు వాటాలో నాలుగోవంతో, 5,000 రూపాయలో, ఏది తక్కువైతే అది. 1986లో సుప్రీంకోర్టు ఆమెకి న్యాయం చేసింది. ఎలా అనుకున్నారు? ఆ చట్టం సమానత్వానికి విరుద్ధమా అన్న ప్రశ్న జోలికే వెళ్ళలేదు. తిరువాన్కూరు భారతదేశంలో కలిశాక 1951లో వచ్చిన మరో చట్టం వల్ల ఆ పాత చట్టం రద్దైపోయింది, 1925 నాటి భారత వారసత్వ చట్టమే వర్తిస్తుంది అని తేల్చింది. పక్క దారిలో వచ్చినా న్యాయం న్యాయమే. కానీ పక్క దారి దొరకని వాళ్ళ సంగతేమిటి?

శేషు_పాఠాలు

ఇది మంచి ఉదాహరణ. మన కోర్టులు ఈ విషయంలో చాలాసార్లు అదే చేశాయి. పెద్ద ప్రశ్న పక్కన పెట్టి చిన్న తాళంచెవితో తలుపు తీశాయి. ఆ వచ్చిన మనిషికి మేలే. పెద్ద ప్రశ్న మాత్రం మిగిలిపోతుంది, తర్వాత వచ్చిన ఆవిడ మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలి.

పాత_ఆర్ఐ

1986 నుంచి 2012 దాకా రెవెన్యూలో ఉన్నాను, చివర్లో ఆర్.ఐ.గా, అంటే రెవెన్యూ ఇన్‌స్పెక్టర్‌గా దిగిపోయాను. రాజ్యాంగం, సుప్రీంకోర్టు మీరు చెబుతున్నారు. మండల ఆఫీసు బల్ల మీద ఏం జరిగిందో నేను చెబుతాను. ఇది చెప్పాలని చాలాకాలంగా ఉంది.

రైతు చనిపోతే ఫౌతీ చేసి వారసుల పేర్లు ఎక్కించాలి. ఊళ్ళోకి వెళ్ళి పంచాయతీ అరుగు మీద కూర్చుని పెద్దమనుషుల్ని వారసులు ఎవరని అడిగేవాళ్ళం. "ఇద్దరండీ" అనేవాళ్ళు. ఇద్దరంటే ఇద్దరు కొడుకులు. కూతుళ్ళున్నారా అని అడగకూడదని ఏ నియమమూ లేదు. అడగాలనే ఉంది. మేం అడగలేదు. 1985 చట్టం వచ్చాక కూడా అడగలేదు. ఆ చట్టం ప్రతి మా ఆఫీసు బీరువాలో ఉండేది.

ఒకసారి ఒకావిడ చంటిపిల్లని ఎత్తుకుని వచ్చింది. "మా నాన్న పొలంలో నా పేరు ఎక్కడుంది సార్" అని అడిగింది. ఆమె మాట న్యాయమే అనిపించి దరఖాస్తు మీద మూడో పేరుగా పెన్సిల్‌తో రాశాను. సాయంత్రం ఆమె అన్నలు, ఊరి పెద్దలు వచ్చి పైవాళ్ళతో మాట్లాడారు. మర్నాడు ఆ పేరు రబ్బరుతో తుడిచి ఉంది. కాగితం మీద ఆ చోటు కాస్త గరుకుగా, తెల్లగా ఉంది. దాని కింద నేను సంతకం పెట్టాను. ఆ గరుకు ఇప్పటికీ నా వేలికి గుర్తుంది.

హారికమ్మా, మీ మామయ్యల పాసుపుస్తకాలు ఎప్పటివి?

హారిక_కె

ఆర్.ఐ. గారూ, మీరు రాసింది అమ్మకి చదివి వినిపించాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

పాసుపుస్తకాలు 1997వి. 1996లోనే నోటిమాటగా పంచేసుకున్నామని మామయ్యలు అంటున్నారు. ఒక తెల్లకాగితం మీద పారీఖత్తు, అంటే పంపకం రాసుకున్న కాగితం ఉంది, రిజిస్టర్ చేయలేదు. తాతయ్య వేలిముద్ర ఉంది. అమ్మ పేరుగానీ పిన్ని పేరుగానీ అందులో ఎక్కడా లేవు.

మోడరేటర్

ఒక మనవి. సొంత కేసులు రాసేవాళ్ళు ఊరి పేరు, సర్వే నంబర్లు, కుటుంబ సభ్యుల పేర్లు రాయకండి. చర్చ కొనసాగించండి.

భార్గవి_అడ్వకేట్

హారిక గారూ, ఇది ముఖ్యం. 2004 డిసెంబరు 20కి ముందు జరిగిన పంపకాల జోలికి 2005 చట్టం వెళ్ళదు. అందుకే అన్నదమ్ములందరికీ హఠాత్తుగా పాత పంపకాలు గుర్తుకొస్తాయి. అయితే పంపకం అంటే రిజిస్టరైన దస్తావేజు గానీ కోర్టు డిక్రీ గానీ అని చట్టమే చెప్పింది. నోటి పంపకాన్ని ఎప్పుడో అరుదుగా, అదీ పబ్లిక్ డాక్యుమెంట్ల ఆధారం గట్టిగా ఉంటేనే ఒప్పుకోవాలని 2020 తీర్పు అంది. మీ మామయ్యలు ఆ పాసుపుస్తకాలనే చూపిస్తారు. ఆర్.ఐ. గారు చెప్పిన పద్ధతిలో పుట్టిన కాగితమే రేపు కోర్టులో సాక్ష్యంగా నిలబడుతుందన్నమాట. నాకు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా అన్యాయంగా తోచేది ఇదే. అడగకుండా వదిలేసిన పేరు, లేని పేరుగా రుజువైపోతుంది.

మీ పక్షాన ఉన్నవి చెబుతాను. రెవెన్యూ రికార్డు హక్కుని పుట్టించదు, శిస్తు కోసం రాసుకున్నదే అని కోర్టులు ఎన్నోసార్లు చెప్పాయి. 1996 నాటికే పిన్నిగారు హక్కుదారు. ఒక హక్కుదారుని పక్కన పెట్టి మిగతావాళ్ళు చేసుకున్న పంపకం ఆవిడని కట్టేయదు. ఇక ఆ విడుదల దస్తావేజు డ్రాఫ్టు ఎవరి దగ్గరైనా ఉందా? ఉంటే దాచండి. హక్కే లేని మనిషిని హక్కు వదులుకోమని ఎందుకు అడుగుతారు?

కోర్టు ఫీజు సంగతి కూడా తెలుసుకోండి. ఆస్తి ఉమ్మడి స్వాధీనంలో ఉందని పంపకం దావా వేస్తే చిన్న స్థిరమైన ఫీజు. ఆస్తి నుంచి పూర్తిగా తప్పించారని వేస్తే వాటా మార్కెట్ విలువని బట్టి ఫీజు. ఎక్కువ నష్టపోయినవాళ్ళే ఎక్కువ కట్టాలి. ఈ నియమం రాసినవాళ్ళకి కూతుళ్ళ మీద పగ ఏమీ లేదు, ఎవరి గురించీ ఆలోచించి రాసినదీ కాదు. కానీ దాని దెబ్బ ఎవరి మీద పడుతుందో చూడండి. దావా గెలిచినా ముందు ప్రాథమిక డిక్రీ, తర్వాత అడ్వకేట్ కమిషనర్ కొలతలు, తుది డిక్రీ, అప్పుడు స్వాధీనం కోసం ఇ.పి., అంటే డిక్రీ అమలు దరఖాస్తు. అరవై దాటిన మనిషికి ఇన్ని మెట్లు.

మాధవి_ఎన్

మనం పుట్టింటి ఆస్తి గురించే మాట్లాడుతున్నాం. ఆడమనిషి తానే సంపాదించుకున్నది ఎవరికి పోతుందో చూశారా? 15వ సెక్షన్. పిల్లలు, భర్త లేకుండా, వీలునామా రాయకుండా పోతే ఆమె స్వార్జితం ముందు భర్త వారసులకి, వాళ్ళెవరూ లేకపోతేనే ఆమె తల్లిదండ్రులకి. మగవాడు అలా పోతే అతని ఆస్తి అత్తమామల వైపు పోవడమన్నదే లేదు.

2009లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళిన కేసు ఒకటుంది. పెళ్ళైన మూడు నెలలకే భర్త పోతే అత్తింటివాళ్ళు వెళ్ళగొట్టారు. పుట్టింటివాళ్ళు చదివించారు, ఉద్యోగం చేసింది, దాచుకుంది. 1996లో వీలునామా లేకుండా పోయింది. నలభై ఏళ్ళు ఆమె ముఖం చూడని అత్తింటి వైపువాళ్ళు ఆ డబ్బు మాదన్నారు. తల్లి కోర్టుకెక్కింది. సానుభూతి వేరు, చట్టం వేరు అని కోర్టు అత్తింటివాళ్ళకే ఇచ్చింది. ఇలాంటి ఆస్తి రెండు వైపులా సమానంగా వెళ్ళేలా సవరించమని లా కమిషన్ 2008లోనే 207వ నివేదికలో చెప్పింది. ఆ సెక్షన్ మీద పడిన దుమ్ము ఇంకా దులపలేదు.

ఉద్యోగం చేసే ప్రతి చెల్లికీ చెబుతుంటాను, వీలునామా రాసుకోమని. పాతికేళ్ళ పిల్లకి ఈ మాట చెప్పాల్సి రావడం ఎంత కష్టంగా ఉంటుందో.

ఏజెన్సీ_రవి

మా గురించి ఎవరూ రాయలేదు. హిందూ వారసత్వ చట్టం 2(2) సెక్షన్ ప్రకారం షెడ్యూల్డ్ తెగలకి ఇది వర్తించదు. 1956 కాదు, 2005 కాదు, 2020 కాదు. మా అక్కలకి ఆచారం ఏం చెబితే అదే. గిరిజనేతర కూతురికి ఉన్న హక్కు గిరిజన కూతురికి లేకపోవడానికి కారణం కనబడదు, ఈ విషయం ఆలోచించండని సుప్రీంకోర్టు 2022లో కేంద్రానికి సూచించింది.

అయితే మావాళ్ళ భయం కూడా రాయాలి. బయటివాళ్ళు మా ఆడపిల్లల్ని చేసుకుని ఆమె పేరున భూమి కొనడం ఏజెన్సీలో కళ్ళారా చూశాం. ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే 1/70 చట్టం ఉండగానే ఇంత జరిగింది. అందుకే ఆచారం పోతే భూమి పోతుందని పెద్దలంటారు. వాళ్ళ భయం నిజం. దాని పేరు చెప్పి మా అక్కకి పొలంలో చోటు లేకుండా చేయడం కూడా నిజం. ఆ రెండిటికీ సరిపోయే చట్టం కూర్చుని రాయగలరు, మమ్మల్ని పక్కన కూర్చోబెట్టుకుంటే.

లక్ష్మణ్_చరిత్ర

రవి గారి చివరి మాట దగ్గరే అంతా ఉంది. రాసే బల్ల దగ్గర ఎవరు కూర్చున్నారు? రాజ్యాంగ సభలో ఆడవాళ్ళు 15 మంది. సుప్రీంకోర్టు 1950లో మొదలైతే మొదటి మహిళా న్యాయమూర్తి ఫాతిమా బీవీ వచ్చింది 1989లో. చట్టసభల్లో మూడోవంతు స్థానాల బిల్లు 1996లో మొదటిసారి పెట్టారు, 2023లో గట్టెక్కింది, అదీ జనగణన, నియోజకవర్గాల పునర్విభజన అయ్యాకే అన్న షరతుతో. 2024లో లోక్‌సభకి గెలిచిన మహిళలు 543లో 74 మంది.

1985 షరతు గురించి మళ్ళీ ఆలోచించండి. పెళ్ళైన కూతుళ్ళని ఎందుకు మినహాయించారు? అప్పటికే స్థిరపడ్డ కుటుంబాల్ని కదపకూడదని. ప్రతి సంస్కరణలోనూ ఇదే జరుగుతుంది. కొత్త హక్కు ఇస్తూనే పాత ఏర్పాటుకి ఎక్కడా నొప్పి కలగకుండా ఒక తేదీ పెడతారు. ఆ తేదీకి అవతల మిగిలిపోయేది మీ అమ్మగారి లాంటివాళ్ళు. అయినా నేను ఆ 1985 చట్టాన్ని తక్కువ చేయను. కేంద్రం కన్నా ఇరవై ఏళ్ళు ముందు ఆ అడుగు పడకపోతే 2005 వచ్చేది కాదని నా నమ్మకం.

హారిక_కె

అందరికీ కృతజ్ఞతలు. నిన్న పిన్ని వచ్చింది. 1985 నుంచి తనకి హక్కు ఉందని ఆవిడకి ఇన్నాళ్ళూ తెలియదు. "రెండున్నర ఎకరాల ఆసామినా నేను?" అని రెండుసార్లు అడిగింది. రెండోసారి గొంతు వణికింది.

అమ్మతో పాటు దావాలో చేరతానంది. వకీలు చెప్పారు, ఇద్దరూ కలిసి వేస్తే పిన్నికి 2.5 ఎకరాల నుంచి రెండుకి తగ్గుతుందని. పిన్నికి అదే విషయం నేనే చెప్పాను, దాచడం న్యాయం కాదని. "అక్కది నేను తినను" అంది. అంతే.

అమ్మ మాత్రం భూమి కన్నా ముందు ఒకటి అడుగుతోంది. కుటుంబ సభ్యుల ధ్రువపత్రంలో నలుగురి పేర్లూ పుట్టిన వరసలో ఉండాలట. తన పేరు మొదట.

భార్గవి_అడ్వకేట్

ఆమె అడిగినదాంతోనే మొదలుపెట్టండి. రేపు కోర్టులోనూ అదే మొదటి కాగితం. ఆడవాళ్ళకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని 1987 నాటి చట్టంలో ఉంది. జిల్లా కోర్టు ఆవరణలోనే న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది, వకీలుని పెడతారు, కోర్టు ఫీజు కూడా వాళ్ళే చూస్తారు. ఆలస్యం మాత్రం చేయకండి. మిమ్మల్ని ఆస్తి నుంచి తప్పించారన్న సంగతి మీకు తెలిసిన రోజు నుంచి పన్నెండేళ్ళ గడువు లెక్క మొదలవుతుంది. ఆ లెక్క ఎప్పటి నుంచి అన్న గొడవ కూడా వాళ్ళు తెస్తారు.

సుబ్బారావు_జి

హారికా, మీ పెద్దమామయ్యతో నేను మాట్లాడనా? నీకు, అమ్మకి ఇష్టమైతేనే. అన్నగా వింటాడేమో. నా చెల్లెళ్ళతో నేనింకా మాట్లాడలేదు, అది కూడా చేయాలి.

పాత_ఆర్ఐ

హారికమ్మా, తహసీల్దారు ఆఫీసులో సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టి 1997 పాసుపుస్తకాల ఫైలు మొత్తం నకలు తీసుకోండి. 1995 నుంచి 1998 దాకా అడంగల్ (ఏ పొలం ఎవరి సాగులో ఉందో రాసే ఊరి రికార్డు) నకళ్ళు కూడా. పాసుపుస్తకం ఒక్కటే కాదు, దాని వెనక దరఖాస్తు, ఊళ్ళో ఇచ్చిన నోటీసు, పెద్దమనుషుల వాంగ్మూలం ఉండాలి. నోటీసు అందరు హక్కుదారులకీ ఇచ్చారా లేదా అన్న కాలమ్ ఒకటుంటుంది. చాలా ఫైళ్ళలో అది ఖాళీ. ఖాళీగా ఉంటే మీకు బలం.

ఆ చేతిరాతలు చదవడం కష్టం, అలవాటు లేనివాళ్ళకి. నకళ్ళు వచ్చాక చెప్పండి, నేను వచ్చి పక్కన కూర్చుని చదివి పెడతాను. మీది నేను పనిచేసిన మండలం కాకపోయినా ఆ రోజుల్లో ఎలా రాసేవాళ్ళమో చెప్పగలను. కోర్టు పిలిస్తే అక్కడ కూడా చెబుతాను.